ఊత్తుకోట దారి: తిరుపతికి పోయే రెండో రోడ్డు

చెన్నై మాధవరం బస్టాండులో తిరుపతి బస్సు ఎక్కబోతూ చాలామంది కండక్టరును అడిగే మాట ఒకటుంది: "ఊత్తుకోట బండా, తిరుత్తణి బండా?" రెండు దార్లూ పుత్తూరులో కలిసిపోతాయి. దూరంలోనూ పెద్ద తేడా లేదు, ఎటు పోయినా ఇంచుమించు 140 కిలోమీటర్లే. అయినా అడుగుతారు. పెరియపాళెం అమ్మవారికి కిటికీలోంచైనా దండం పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఒక బండి కోసం చూస్తారు, తిరుత్తణి కొండ కనబడాలనుకునేవాళ్ళు ఇంకో బండి కోసం చూస్తారు. మధ్యలో దిగేవాళ్ళ లెక్క వేరు. సత్యవేడు వాళ్ళు ఊత్తుకోటలో దిగి బండి మారితే చాలు, నగరి వాళ్ళకు తిరుత్తణి బండే కావాలి.

ఈ రెంటిలో తిరుత్తణి దారికి సర్కారు లెక్కల్లో గౌరవం ముందే దక్కింది. పాడి, అంబత్తూరు, ఆవడి, తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి మీదుగా పోయే ఆ రోడ్డు చాలాకాలం 205వ నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు దాని నంబరు 716. ఊత్తుకోట దారి మాత్రం మొన్నమొన్నటి దాకా రాష్ట్ర రహదారే. అదీ ఒక రాష్ట్రానిది కాదు. ఒక ముక్క తమిళనాడు దస్త్రాల్లో, ఇంకో ముక్క ఆంధ్రప్రదేశ్ దస్త్రాల్లో. అటునుంచి వచ్చేవాళ్ళు చెన్నై రోడ్డంటారు, ఇటునుంచి పోయేవాళ్ళు తిరుపతి రోడ్డంటారు. ఊత్తుకోట దారి అన్నది రెండు ముక్కలనూ కలిపి ప్రయాణికులు పెట్టుకున్న పేరు.

ముందు దారి ఎటు పోతుందో చూద్దాం. చెన్నై నుంచి జీఎన్‌టీ రోడ్డు మీద మాధవరం, రెడ్‌హిల్స్, షోళవరం దాటి, కారనోడై దగ్గర కొసస్తలై ఏరు దాటితే జనప్పన్ చత్రం కూట్‌రోడ్డు వస్తుంది. నాలుగు దార్ల కూడలిని చెన్నై తెలుగులో కూడా కూట్‌రోడ్డనే అంటారు, ఇంకో మాట ఎవరికీ తోచదు. అక్కడ నెల్లూరు పోయే పెద్ద రోడ్డును వదిలి ఎడమకు తిరగాలి. తర్వాత పెరియపాళెం, పాలవాక్కం, ఊత్తుకోట. ఊత్తుకోట దాటగానే ఆంధ్రా. సురుటుపల్లి, నాగలాపురం, పిచ్చాటూరు, నారాయణవనం మీదుగా పుత్తూరు చేరితే అక్కడ తిరుత్తణి రోడ్డు వచ్చి కలుస్తుంది. ఆపైన అంజేరమ్మ కనుమ, వడమాలపేట, తిరుపతి.

ఈ వరస ఇలాగే ఎందుకుందో పటంలో రోడ్డును చూస్తే తెలియదు, ఏటిని చూడాలి. చెన్నైకి వాయవ్యంగా నగరి కొండలు, నాగలాపురం కొండలు అడ్డంగా నిలబడి ఉంటాయి. నగరి ముక్కు అనే శిఖరం సముద్రంలో పోయే ఓడలవాళ్ళకు కూడా ఆనవాలుగా పనికొచ్చేది. తిరుపతికి పోవాలంటే ఈ కొండల మధ్య ఎక్కడో ఒకచోట సందు దొరకాలి. ఆరణి ఏరు ఆ సందు చూపించింది. ఆంధ్రా కొండల్లో పుట్టే ఈ ఏరు పిచ్చాటూరు, సురుటుపల్లి, ఊత్తుకోట, పెరియపాళెం, పొన్నేరి మీదుగా పోయి పులికాట్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రోడ్డు ఏటికి ఎదురు నడుస్తుంది. పెరియపాళెం నుంచి పిచ్చాటూరు దాకా ఈ రెండూ ఒకదాన్నొకటి పెద్దగా విడిచిపెట్టవు. నడిచిపోయే మనిషికి నీళ్ళూ, ఎద్దులకు మేతా, రాత్రికి మండపమూ దొరికే చోట బాట పడుతుంది. ఇంజనీర్లు వచ్చి కంకర పరిచింది ఆ బాట మీదే.

గుళ్ళు కూడా ఆ ఏటి గట్టునే వెలిశాయి. మొదటిది పెరియపాళెం భవానీ అమ్మ. ఇక్కడ చెప్పుకునే కథలో గాజుల వర్తకుడు ఒకడు వేపచెట్టు కింద పడుకుని లేచేసరికి గాజుల మూట పుట్టలోకి జారిపోయి ఉంటుంది. అమ్మవారు కలలోకి వచ్చి తానెక్కడున్నదీ చెబుతుంది. కథలో చరిత్ర ఎంతో తేల్చలేం గానీ, గాజుల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే మనిషి కథానాయకుడు కావడం గమనించదగ్గది. దారి పక్క దేవతకు దారి పోయేవాడే మొదటి భక్తుడు. తమిళుల ఆడి నెల (జూలై-ఆగస్టు) వస్తే ఉత్తర చెన్నై తెలుగు పేటల నుంచి, కొరుక్కుపేట, వ్యాసర్‌పాడి, రెడ్‌హిల్స్ నుంచి కుటుంబాలు వ్యాన్లు కట్టించుకుని ఇక్కడికి వస్తాయి. వేపాకు చీర మొక్కు తీర్చుకునేవాళ్ళు, పొంగలి పెట్టేవాళ్ళు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు. ఆ ఆదివారాల్లో తిరుపతి బస్సు పెరియపాళెం దాటడమే ఒక మొక్కు.

సురుటుపల్లిలో శివుడు పడుకుని ఉంటాడు. హాలాహలం మింగి సొమ్మసిల్లి పార్వతి ఒడిలో తల పెట్టుకున్న రూపం. లింగరూపం కాకుండా శయనించిన శివుడు కావడంతో ఈ చిన్న ఊరికి ప్రదోషం రోజున చెన్నై నుంచి జనం విరగబడతారు. నాగలాపురం వేదనారాయణస్వామి గుడి శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది. ఊరికి ఆయన తల్లి నాగలాంబ పేరే పెట్టారు. ఏటా మార్చిలో మూడు సాయంత్రాలు సూర్యకిరణాలు గోపురంలోంచి గర్భగుడి దాకా వచ్చి, మొదటిరోజు స్వామి పాదాల మీద, రెండోరోజు నాభి మీద, మూడోరోజు నుదుటి మీద పడతాయి. నారాయణవనం ఆకాశరాజు రాజధాని అని, పద్మావతీ శ్రీనివాసుల పెళ్ళి అక్కడే జరిగిందని నమ్మకం. ఆ పెళ్ళికి పిండి విసిరిన తిరగలి అంటూ గుడిలో ఇప్పటికీ చూపిస్తారు. ఈ రెండు గుళ్ళూ తిరుమల తిరుపతి దేవస్థానాల కింద ఉన్నాయి. రాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు తిరుమలకు వచ్చిన రాజు. ఆయన ఏ దారిన వచ్చాడన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అంత గుడికి రాయీ, ధాన్యమూ, మనుషులూ చేరాలంటే బండ్లు నడిచే బాట నాగలాపురానికి 16వ శతాబ్దానికే ఉండి తీరాలి.

దారి చెన్నై వైపు కొస మాత్రం గుళ్ళ దారి కాదు, వర్తకుల దారి. జీఎన్‌టీ అంటే గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు, మద్రాసు నుంచి కలకత్తాకు కుంపిణీ కాలంలో వేసిన రాచబాట. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పల్లకీ ఎక్కి కాశీకి బయలుదేరినప్పుడు మొదటి మజిలీ మాధవరమే. అక్కడి నుంచి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా ఆయన యాత్ర సాగింది. ఇవాళ ఆంధ్రా బస్సులు బయలుదేరే బస్టాండు అదే మాధవరంలో ఉంది. ఊరు దాటి మొదటి ఆగుడు ఎక్కడ బాగుంటుందన్న లెక్క రెండు శతాబ్దాలైనా పెద్దగా మారలేదన్నమాట.

జనప్పన్ చత్రం అన్న పేరు కూడా ఆ కాలపు ముద్రే. చత్రం మన సత్రమే. ముందున్న మాటలో జనప వినిపిస్తుంది. జనప నారతో గోనెలు నేసి, ఆ గోనెల్లో సరుకు నింపి ఎద్దుల మీద మోయించే తెలుగు వర్తక కులాన్ని జనపవారంటారు, తమిళులు జనప్పన్ అంటారు. ఆ పేటలో ఎవరు సత్రం కట్టించారో పేరు చెప్పకపోయినా, ఎవరి బండ్లు ఆగేవో పేరు చెబుతూనే ఉంది. తిరుపతి దారి పెద్ద దారి నుంచి చీలే చోట గోనెల వర్తకుల పేరు మిగలడం కాకతాళీయం అనిపించదు.

మరి ఇంత పాత దారి వెనకబడి, తిరుత్తణి దారి ముందుకెలా పోయింది? కారణం రైలు. 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు మొదటి రైలు నడిచింది. ఆ మార్గంలో అరక్కోణం దగ్గర చీల్చి తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంట, కడప మీదుగా రాయచూరు దాకా, అక్కడి నుంచి బొంబాయికి కలిసేలా ఇంకో లైను వేశారు. ఆ లైను పక్కన ఊళ్ళు పెరిగాయి, గిడ్డంగులు వచ్చాయి, కచేరీలు వచ్చాయి, రోడ్డు మీద ఖర్చుపెట్టడానికి సర్కారుకు కారణాలు పుట్టాయి. ఆరణి లోయలో రైలు లేదు. చెన్నై పక్కనున్న అత్తిపట్టు నుంచి పుత్తూరు దాకా 88 కిలోమీటర్ల కొత్త లైనును 2008-09లో మంజూరు చేశారు గానీ, ఊత్తుకోటలో ఇప్పటికీ రైలు కూత వినబడదు. రైలు లేని చోట బస్సే గతి. ఈ దారిలో బస్సులు అంత కిక్కిరిసి నడవడానికి భక్తి ఒక్కటే కారణమనుకోకూడదు.

ఇక అసలు కథ సరిహద్దుది. 1953 అక్టోబరు 1 దాకా ఈ 140 కిలోమీటర్లలో రాష్ట్రం మారే చోటంటూ లేదు. చెంగల్పట్టు జిల్లా దాటితే చిత్తూరు జిల్లా, అంతే. చిత్తూరు కూడా 1911లో ఉత్తరార్కాటు నుంచి విడగొట్టి చేసిన జిల్లా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు నగరం తమిళులకు మిగిలింది. చిత్తూరు జిల్లాతో పాటు తిరుత్తణి ఆంధ్రకు వచ్చింది. తెలుగువాళ్ళు మద్రాసు కోసం బాధపడితే, తమిళ వైపు మ. పొ. శివజ్ఞానం నాయకత్వంలో తిరుపతి, తిరుత్తణి కోసం ఉద్యమం నడిచింది. మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ గ్రామాన్ని కొలతగా తీసుకున్నారు. ఏ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువ, ఆ ఊరు ఏ వైపు ఆనుకుని ఉంది అన్న లెక్కతో గీత గీశారు. ఆ లెక్క ప్రకారం 1959లో చట్టం చేశారు, అది 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

ఈ రెండు రోడ్ల మీద ఆ రోజు జరిగింది విచిత్రం. తిరుత్తణి దారిలో సరిహద్దు తిరుపతి వైపు జరిగింది, ఎందుకంటే తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. ఊత్తుకోట వైపు సరిహద్దు చెన్నై వైపు జరిగింది, ఎందుకంటే అప్పటిదాకా చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఒకే రోజు, ఒకే చట్టం, రెండు రోడ్ల మీద గీత రెండు దిక్కులకు నడిచింది. 1888లో తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు దేశానికి ఉపరాష్ట్రపతి. ఆయన ఆ పదవిలో ఉండగానే పుట్టిన ఊరి రాష్ట్రం మారింది.

ఊత్తుకోటకు ఈ మార్పు వల్ల కొత్త బతుకు వచ్చింది. సత్యవేడు, నాగలాపురం ఊళ్ళకు అది సంత, బస్సు మారే చోటు. ఇప్పుడది సరిహద్దు ఊరు కూడా అయింది. సరిహద్దు ఊళ్ళ వ్యాపారం ఎప్పుడూ రెండు ధరల మధ్య తేడా మీద నడుస్తుంది. తమిళనాడు రేషను బియ్యం మూటలు గుట్టుగా ఆంధ్రా వైపు పోతాయి. ఆంధ్రా కొండల ఎర్రచందనం దుంగలు ఇటు వస్తాయి. రెండు వైపులా పోలీసులు ఆపి వెతుకుతూనే ఉంటారు. అమ్మకం పన్ను చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరే రోజులు 2017 జూలైలో జీఎస్టీతో పోయాయి. అయినా ఊరి పొలిమేర దగ్గర బస్సు వేగం తగ్గితే పాత ప్రయాణికులు అలవాటుగా సంచులు సర్దుకుంటారు.

భాష మాత్రం గీత దగ్గర ఆగలేదు. ఊత్తుకోట, పళ్ళిపట్టు, తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మామూలే. అటువైపు సత్యవేడులో తమిళం తెలియని కొట్టువాడు దొరకడు. 'ఊరికి పోయొచ్చేసినా', 'బండి రాలా' అనే ఈ ప్రాంతపు తెలుగును చెన్నై తెలుగు అని వెక్కిరించేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. అది చెన్నైది మాత్రమే కాదు, ఆరణి ఏటి పొడుగునా ఉన్నదే.

గీత విడదీసినదాన్ని నీళ్ళు మళ్ళీ ముడివేశాయి. చెన్నై దాహం తీర్చడానికి కృష్ణా నీటిని తెచ్చే తెలుగుగంగ పథకానికి 1983లో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. అటు ఎన్టీ రామారావు, ఇటు ఎంజీ రామచంద్రన్ ముఖ్యమంత్రులు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకుంటే 15, దారిలో ఇంకిపోయేదీ ఆవిరయ్యేదీ పోను సరిహద్దుకు చేరాల్సింది 12. కండలేరు జలాశయం నుంచి 152 కిలోమీటర్లు కాలువలో నడిచి ఆ నీళ్ళు తమిళనాడులో అడుగుపెట్టే చోటు ఊత్తుకోట పక్కనున్న తామరకుప్పం. దానికి జీరో పాయింట్ అని పేరు. అక్కడి నుంచి పూండి జలాశయం 25 కిలోమీటర్లు. 1996లో తొలిసారి నీళ్ళు పూండి చేరాయి. కానీ మట్టి గట్లు తెగిపోయి, నీళ్ళు దారిలోనే ఇంకిపోయి, సరిహద్దుకు చేరేది అరకొరే అయింది. సత్యసాయి ట్రస్టు ఖర్చుతో కాలువను బాగుచేయించాక 2004 నుంచి ప్రవాహం కుదుటపడింది. ఎండాకాలం వస్తే చెన్నై పత్రికల్లో జీరో పాయింట్ దగ్గర ఎన్ని ఘనపుటడుగులు వచ్చాయన్న వార్త పడుతుంది. తిరుపతికి పోయే దారిలో టీ తాగే ఊరుగా మాత్రమే తెలిసిన ఊత్తుకోట, నగరంలో కుళాయి తిప్పే ప్రతి ఇంటికీ అలా పరిచయమైంది.

ఆరణిది ఇంకో గొడవ. పిచ్చాటూరు దగ్గర 1950లలో కట్టిన జలాశయం ఆంధ్రాలో ఉంది, ఏటి దిగువ తమిళనాడులో ఉంది. వాన తక్కువైన ఏడు దిగువ ఏరు ఎండి ఇసుక తేలుతుంది. వాన ఎక్కువైన ఏడు పైన గేట్లు ఎత్తితే ఊత్తుకోట దగ్గర నేలబారు వంతెన మీదుగా నీళ్ళు పారి, తిరువళ్ళూరు పోయే దారి తెగిపోయేది. వరద హెచ్చరిక ఒక రాష్ట్రం అధికారులు పంపాలి, వంతెన ఇంకో రాష్ట్రం అధికారులు కట్టాలి. రెండు ముక్కల రోడ్డుకు ఉండే ఇబ్బంది అంతా ఈ ఒక్క ఏటి దగ్గర కనిపిస్తుంది.

పుత్తూరు గురించి ఒక మాట. ఈ దారిన తిరుపతికి కాకుండా పుత్తూరుకే టికెట్ తీసుకునేవాళ్ళలో చేతికో కాలికో గుడ్డ చుట్టుకున్నవాళ్ళు కనబడతారు. పుత్తూరు పక్కనున్న రాచపాళెంలో విరిగిన ఎముకకు పసరు పట్టించి వెదురు బద్దలతో కట్టే వైద్యం తరాలుగా నడుస్తోంది. ఈ కట్టు ఎంత గొప్పదో దానికి పుట్టిన నకళ్ళే చెబుతాయి: చెన్నైలో ఏ పేటకు పోయినా 'పుత్తూరు కట్టు' అని తమిళంలో రాసిన బోర్డు ఒకటైనా తగులుతుంది. ఎక్స్‌రే తీసి సరిచూసుకోకుండా కట్టు కట్టించుకోవడం మంచిది కాదన్నది డాక్టర్ల మాట, అందులో న్యాయం ఉంది. అయినా ఆంధ్రాలోని ఒక చిన్న ఊరి పేరు మద్రాసులో ఒక వైద్యానికి పేరైపోవడంలో ఈ రోడ్డు పాత్ర కూడా ఉంది.

ఈ దారి తలరాత మారడం 2010 తర్వాత మొదలైంది. ఆ ఏడు దేశంలో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చారు. ఆ లెక్క తెలిస్తే నంబరు చూసి దారి పుట్టుక చెప్పొచ్చు. మూడంకెల నంబరులో చివరి రెండంకెలు తల్లి రహదారివి, ముందున్న అంకె కొమ్మది. చెన్నై నుంచి కోల్‌కతా వైపు పోయే పాత 5వ నంబరు రోడ్డు 16 అయింది. దాని కొమ్మ అయిన తిరుత్తణి దారి 716. తర్వాత ఊత్తుకోట దారిని, అంటే జనప్పన్ చత్రం నుంచి పుత్తూరు దాకా, జాతీయ రహదారిగా చేర్చుకున్నప్పుడు దానికి 716ఏ అని పెట్టారు. వయసులో అక్క, నంబరులో చెల్లెలి తోక. రైలు పుణ్యమా అని వచ్చిన తేడా నంబరులో కూడా నిలిచిపోయింది. అయితే నంబరు వల్ల ఒక మేలుంది, రెండు ముక్కలకూ మొదటిసారి ఒకే పేరు దొరికింది.

నంబరు కంటే ఎక్కువ పని చేసింది బస్టాండు. ఆంధ్రా బస్సులు ఒకప్పుడు బ్రాడ్వే నుంచి, 2002 తర్వాత కోయంబేడు నుంచి బయలుదేరేవి. కోయంబేడు నుంచి పాడి మీదుగా తిరుత్తణి దారి పట్టడం తేలిక. 2018 అక్టోబరులో మాధవరం బస్టాండు తెరిచి ఆంధ్రా బస్సులను అక్కడికి మార్చాక, డ్రైవరు ముందు రెడ్‌హిల్స్ రోడ్డే తిన్నగా ఉంటుంది. తిరుత్తణి దారి పట్టాలంటే మళ్ళీ పాడి వైపు తిరగాలి. చెన్నై దక్షిణ పేటల తెలుగువాళ్ళు మాధవరం దూరమని ఇప్పటికీ సణుగుతారు, అందులో నిజముంది. ఉత్తర చెన్నై వాళ్ళకు మాత్రం తిరుపతి బస్సు గుమ్మం ముందుకొచ్చినట్టయింది. తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) శనివారాలకు ముందు పసుపు బట్టలు కట్టుకుని గోవిందనామం చెప్పుకుంటూ కాలినడకన పోయేవాళ్ళు కూడా ఈ రోడ్డు అంచునే కనబడతారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు చెన్నై నుంచి పోయే గొడుగులు మాత్రం తిరువళ్ళూరు దారినే పోతాయి. పాత దార్ల మీద పాత పంపకాలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు చిత్తూరు నుంచి తచ్చూరు దాకా ఆరు వరుసల కొత్త రహదారి వస్తోంది. బెంగళూరు వైపు సరుకు చెన్నై ఊళ్ళోకి రాకుండా ఉత్తరాన ఉన్న రేవులకు చేరాలన్నది దాని ఉద్దేశం. దానికోసం ఊత్తుకోట తాలూకాలో మూడు పంటలు పండే పొలాలు పోతున్నాయని రైతులు ధర్నాలు చేశారు. ఆ కొత్త రోడ్డు ఈ పాత దారిని అడ్డంగా దాటుతుంది. పెరియపాళెంలో ఆగదు, తిరుపతికి పోదు. దాని మీద పోయే లారీ డ్రైవరును ఊత్తుకోట బండా, తిరుత్తణి బండా అని అడిగేవాళ్ళు ఉండరు.